ఎవరి ఒంటి మీద నేర్చుకున్న వైద్యం?

మా అక్క కూతురికి అమెరికాలో ఆస్టియోపతీ వైద్య కళాశాలలో సీటొచ్చిందని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "అంటే పుత్తూరు కట్టు లాంటిదా?" అని. ముప్పయ్యేళ్ళ కిందట అమ్మకి మణికట్టు విరిగితే పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. ఆ చెయ్యి ఇప్పటికీ బాగానే పనిచేస్తోందని ఆవిడ గర్వం. అందరం నవ్వాం. బావ మాత్రం నవ్వలేదు. కూతురు చదవబోయేది ఎం.డి. కాదు, డి.ఓ. అన్న సంగతి ఆయన బంధువులకి చెప్పుకోలేకపోతున్నాడు. ఎవరడిగినా "మెడిసిన్" అని ఊరుకుంటున్నాడు.

తర్వాత ఆలోచిస్తే అమ్మ ప్రశ్న నవ్వి వదిలెయ్యాల్సింది కాదనిపించింది. ఆస్టియోపతీని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ కూడా ఒక దశలో ఎముకలు సర్దేవాడినని చెప్పుకుంటూ ఊరూరూ తిరిగినవాడే. 1864లో మెదడుపొర వాపు జబ్బుతో ఇంట్లో ముగ్గురు పిల్లలు పోయాక, ఆనాటి వైద్యం మీద అతనికి నమ్మకం పోయింది. పాదరసం తాగించడం, రక్తం తియ్యడం వైద్యంగా చెలామణీ అవుతున్న రోజులవి. చేతులతో తడిమి, ఎముకల్నీ కండరాల్నీ సరిచేసి శరీరం తనంతట తాను కోలుకునేలా చెయ్యాలన్నది అతని సిద్ధాంతం. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో కాలేజీ పెట్టాడు. మొదటి తరగతిలోనే స్త్రీలు కూర్చున్నారు. ఆ కాలానికది చిన్న విషయం కాదు.

ఇప్పటి డి.ఓ.లు మాత్రం అమెరికాలో ఎం.డి.లతో సమానమైన డాక్టర్లు. అదే లైసెన్సు, అవే మందులు, అవే ఆపరేషన్లు. 2020 నుంచి ఇద్దరికీ ఒకే రెసిడెన్సీ వ్యవస్థ. అదనంగా సుమారు 200 గంటలు చేతులతో చేసే చికిత్స నేర్చుకుంటారు. ఆ చికిత్సలో నడుము నొప్పి లాంటి వాటికి కొంత ఉపయోగముంది. పుర్రె ఎముకల్ని సర్దుతామనే భాగానికి మాత్రం శాస్త్రీయమైన ఆధారం నాకెక్కడా కనబడలేదు. చాలామంది డి.ఓ.లు చదువు ముగిశాక దాని జోలికే పోరు. కనుక ఆస్టియోపతీ గొప్పదా కాదా అన్నది నా చర్చ కాదు. ఈ కాలేజీలు తమ గురించి తాము చెప్పుకునే ఒక మాట నన్ను ఆపింది. పల్లెలకీ, పేదలకీ, డాక్టర్లు లేని ప్రాంతాలకీ పనికొచ్చే డాక్టర్లను తయారుచేయడమే మా ధ్యేయం అంటాయి అవి. ఇవాళ అక్కడ వైద్యం చదివే ప్రతి నలుగురిలో ఒకరికంటే ఎక్కువమంది ఈ కాలేజీల్లోనే ఉన్నారు. ఆ ధ్యేయం నిజమో కాదో చూడాల్సిన అవసరం ఉంది.

ఆ ప్రాంతాల గురించి మనం తెలుగులో "వైద్యం అందని ప్రాంతాలు" అని రాస్తాం. నేనూ చాలాసార్లు రాశాను. ఎత్తున ఉన్న కాయ అందనట్టు, అది ఎవరి తప్పూ కానట్టు ఉంటుందా మాట. "వైద్యం అందించని ప్రాంతాలు" అంటే వెంటనే ఎవరు అందించలేదు అన్న ప్రశ్న వస్తుంది. నేనింక ఈ రెండో మాటే వాడదలచుకున్నాను.

ఎవరు అందించలేదో చరిత్రలో రాసే ఉంది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా వైద్య కళాశాలలన్నీ తిరిగి ఒక నివేదిక రాశాడు. ప్రయోగశాలలు లేని, డబ్బుకి పట్టాలమ్మే కాలేజీలు మూతపడాలన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ దాని తర్వాత నల్లజాతి వాళ్ళ కోసం ఉన్న ఏడు వైద్య కళాశాలల్లో అయిదు మూతపడ్డాయి. స్త్రీల వైద్య కళాశాలల్లో ఒక్క పెన్సిల్వేనియా కాలేజీ నిలబడింది (మన ఆనందీబాయి జోషీ 1886లో పట్టా తీసుకున్నది అక్కడే). ప్రమాణాలు పెరిగాయి, నిజమే. ఆ ప్రమాణాలను కొనుక్కోగల వాళ్ళే డాక్టర్లయ్యారు. వాళ్ళు తమలాంటి వాళ్ళున్న చోటే స్థిరపడ్డారు. ఫ్లెక్స్‌నర్ ఆస్టియోపతీ కాలేజీలను కూడా దుమ్మెత్తిపోశాడు గానీ అవి బతికి బయటపడ్డాయి. పెద్దాసుపత్రులు రానివ్వకపోవడంతో ఆ డాక్టర్లు చిన్న ఊళ్ళు పట్టుకున్నారు. పల్లెసేవ వాళ్ళ ఆదర్శం కావడానికి ముందు వాళ్ళకి మిగిలిన చోటు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మంచిది.

వాళ్ళు మాత్రం అందరికీ తలుపులు తీశారా అంటే, లేదు. స్త్రీలకు తీసిన తలుపు నల్లజాతి వాళ్ళకు చాలాకాలం తియ్యలేదు. మొదటి నల్లజాతి డి.ఓ. మెటా క్రిస్టీ అనే స్త్రీ, 1921లో ఫిలడెల్ఫియా కాలేజీ నుంచి బయటికొచ్చింది. ఆమె వెనక వచ్చినవాళ్ళు దశాబ్దాల పాటు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే. 1993లో బార్బరా రాస్-లీ ఒహాయో విశ్వవిద్యాలయపు ఆస్టియోపతీ కాలేజీకి డీన్ అయింది. అమెరికాలో ఒక వైద్య కళాశాలకి డీన్ అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెనే. ఎం.డి. కాలేజీల కంటే ముందు డి.ఓ. కాలేజీ ఆ పని చేసిందని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఆ రోజుకి కిర్క్స్‌విల్ కాలేజీ పుట్టి నూటొక్క సంవత్సరాలు.

ఇక ఇప్పటి సంగతి. మంచి మనసున్న డాక్టర్ని నగరంలో తయారుచేసి పల్లెకి పంపిస్తే పని జరగదని అక్కడా ఇక్కడా అనుభవమే. పల్లెలో పుట్టి పెరిగినవాళ్ళని తీసుకోవాలి, పల్లెలోనే నేర్పాలి, చివరి శిక్షణ కూడా అక్కడే ఇవ్వాలి. పశ్చిమ వర్జీనియా బొగ్గుగనుల రాష్ట్రంలో 1970ల్లో ఆస్టియోపతీ కాలేజీ పెట్టింది ఈ ఆలోచనతోనే. 2007లో అరిజోనా రాష్ట్రం మేసాలో మొదలైన కాలేజీ ఇంకో అడుగు వేసింది. విద్యార్థులు మొదటి ఏడాది మాత్రమే కాలేజీలో ఉంటారు, రెండో ఏడాది నుంచే వేరువేరు రాష్ట్రాల్లోని సామాజిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళి అక్కడే చదువుకుంటారు.

ఈ ఆరోగ్య కేంద్రాల కథ కొంచెం చెప్పాలి. జాక్ గైగర్ అనే డాక్టరు విద్యార్థిగా ఉన్నప్పుడు దక్షిణాఫ్రికాలోని ఫొలేలా వెళ్ళాడు. అక్కడ సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ దంపతులు 1940 నుంచి నడుపుతున్న ఆరోగ్య కేంద్రంలో పనిచేశాడు. తిరిగొచ్చి, 1960ల్లో పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న కాలంలో, మిసిసిపీ రాష్ట్రంలో మౌండ్ బాయూ అనే నల్లజాతి వాళ్ళ ఊళ్ళో అలాంటిదే పెట్టాడు. ఆకలితో జబ్బుపడిన పిల్లలకి అక్కడి డాక్టర్లు చీటీ మీద మందులతో పాటు పాలు, కూరగాయలు రాసేవాళ్ళు. కిరాణా కొట్టువాడు ఇచ్చిన సరుకులకి డబ్బు మందుల పద్దు కింద కట్టేవాళ్ళు. పైవాళ్ళు అభ్యంతరం చెప్పారు. పోషకాహార లోపానికి మందు తిండే కదా అని గైగర్ వాదించాడు. బావులు తవ్వారు, మరుగుదొడ్లు కట్టారు, సహకార వ్యవసాయం పెట్టారు. అక్కడి నుంచి పుట్టిన కేంద్రాలు ఇవాళ దేశమంతా ఉన్నాయి. వాటికి చట్టంలో ఒక నిబంధన ఉంది. కేంద్రాన్ని నడిపే బోర్డు సభ్యుల్లో కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం చేయించుకునే వాళ్ళే అయ్యుండాలి. ఆసుపత్రి ఎలా నడవాలో రోగులు నిర్ణయించడం! ఇది చదివినప్పుడు నాకు అసూయ వేసింది.

మా అక్క కూతురి కాలేజీ కొండప్రాంతంలో ఉంది. మొదటి ఏడాది వాళ్ళు చేతులతో తడమడం ఒకరి మీద ఒకరు నేర్చుకుంటారు. అమ్మాయిలు, అబ్బాయిలు చాలీచాలని బట్టలతో బల్లల మీద పడుకోవాలి. ఈ పిల్లకి అది బాధయింది, బావకి చెప్పలేదు, నాకు చెప్పింది. అయితే అక్కడ ఒక పద్ధతి ఉందట. ప్రతిసారీ "ఇక్కడ చెయ్యి పెట్టనా?" అని అడగాలి. అవతలివాళ్ళు వద్దంటే ఆగిపోవాలి, కారణం అడగకూడదు. రెండు నెలలయ్యేసరికి భయం పోయిందని చెప్పింది. అడిగి తాకడం అనేది ఒకటుంటుందని అక్కడే తెలిసిందంది. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల ఆ మాట అనడం విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

తర్వాత ఆమెని ఒక పేదల క్లినిక్‌కి పంపారు. అక్కణ్ణుంచి ఒక రాత్రి ఫోన్ చేసింది. డాక్టరు వెనక ముగ్గురు విద్యార్థులు గదిలోకి వెళ్ళారట. బల్ల మీద ఒక స్త్రీ, నలభై దాటి ఉంటుంది, మోటళ్ళలో గదులు తుడిచే పని. "విద్యార్థులున్నారు, పర్వాలేదు కదా?" అన్నాడట డాక్టరు, చేతి తొడుగులు వేసుకుంటూనే. ఆమె తలూపిందట. "పిన్నీ, మాలో మేము పది సార్లు అడిగి ముట్టుకున్నాం. ఆవిణ్ణి ఒక్కసారి కూడా నేను అడగలేదు. అడిగినా, వద్దనడానికి ఆవిడకి ఇంకో ఆసుపత్రి ఎక్కడుంది? ఇన్సూరెన్సు లేదు. అరవై మైళ్ళ దాకా ఇదొక్కటే."

ఆ ఫోన్ పెట్టేశాక నాకు 2006 గుర్తొచ్చింది. పిహెచ్.డి. పనిలో భాగంగా మన దగ్గరే ఒక జిల్లా కేంద్రంలో, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నాలుగు నెలలు కూర్చున్నాను. లోపలి పరీక్షని అక్కడ అందరూ "పీవీ" అంటారు. నొప్పులు పడుతున్న ఒకామెకి గంటలో అయిదుగురు విద్యార్థులు పీవీ చేశారు. పేరెవరూ అడగలేదు. మంచానికీ మంచానికీ మధ్య తెర లేదు. అరిస్తే తొడ మీద చరిచారు. నేను నోట్సు రాసుకున్నాను, అడ్డుపడలేదు. పరిశోధకురాలికి అనుమతిచ్చిన వాళ్ళతో గొడవ పెట్టుకోకూడదనే జాగ్రత్త నాది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మూడో రోజు ఆమె పక్కన కూర్చుని, అంతమంది చూస్తే బాధనిపించలేదా అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! ఆమె నన్ను ఓదార్చినట్టే చెప్పింది: "వాళ్ళు మాత్రం చదువుకోవాల గదమ్మా. మా మీద నేర్చుకుంటారు, రేపు మాకే చేస్తారు."

నేర్చుకున్నారు. ఆ అయిదుగురిలో ఇద్దరు అమెరికాలో ఉన్నారని తర్వాత తెలిసింది. అందులో ఒకరు అమెరికాలోని ఒక మారుమూల పల్లె ప్రాంతంలో పనిచేస్తున్నారు. అది కూడా వింతేమీ కాదు. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టర్లు రెండేళ్ళు స్వదేశానికి తిరిగెళ్ళాలి. డాక్టర్లు లేని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు మాఫీ చేస్తారు. 1994లో వచ్చిన ఈ పథకం కింద ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మందిని పెట్టుకోవచ్చు. అమెరికా పల్లెల్లో డి.ఓ.లూ మన డాక్టర్లూ ఒకే ఖాళీని పూడుస్తున్నారు. వాళ్ళ సొంత సమాజపు పెద్దాసుపత్రులు రెండో తరగతిగా చూసిన డాక్టర్లు, ఆ సమాజం రెండో తరగతిగా చూసే రోగుల దగ్గరికి చేరారు. మంచిదే, అక్కడి గనికార్మికుడికీ గుండె ఉంది, దాన్ని ఎవరో చూడాలి. కానీ ఆ గుండె మీద చెయ్యి వేసే ముందు ఆ చెయ్యి మన కాన్పుల వార్డులో పేరడగని స్త్రీల మీద నేర్చుకుంది. వాళ్ళకి చెల్లించాల్సిన బాకీ ఎవరి పద్దులో రాశాం?

ఈ మాటకి మా స్నేహితురాళ్ళలో డాక్టర్లుగా ఉన్నవాళ్ళకి కోపం వస్తుంది. ఎవరి మీదా నేర్చుకోకుండా డాక్టరు ఎలా అవుతారు అంటారు. నిజమే, అవరు. నేను నేర్చుకోవద్దనడం లేదు. ఎప్పుడూ పేదస్త్రీ మీదే ఎందుకు నేర్చుకుంటారు, కార్పొరేట్ ఆసుపత్రిలో ఏసీ గదిలో ఉన్నామె మీద ఎందుకు నేర్చుకోరు అని అడుగుతున్నాను. అమెరికాలో కూడా మత్తులో ఉన్న స్త్రీలకి, వాళ్ళకి తెలియకుండా, విద్యార్థుల చేత లోపలి పరీక్షలు చేయించడం మొన్నమొన్నటి దాకా నడిచింది. స్త్రీలు గొడవ చేస్తే ఒక్కో రాష్ట్రం చట్టం చేసుకుంటూ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ, ముందుగా రాతపూర్వకమైన అంగీకారం లేకుండా ఆసుపత్రులు అలా చేయించకూడదని స్పష్టం చేసింది. 2024! చంద్రుడి మీద మనిషి దిగి అప్పటికి యాభై అయిదేళ్ళు.

అంగీకారం కాగితం మీద సంతకమైతే చాలదని కూడా మనకి తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి చూసినప్పుడు, చాలామంది పిల్లల తరఫున హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు వెళ్ళి విచారిస్తే విషయం బయటికొచ్చింది, 2010లో ఆపారు. అమెరికాలో మూలవాసుల ఆరోగ్యశాఖ ఆసుపత్రుల గురించి 1976లో వచ్చిన ప్రభుత్వ తనిఖీ నివేదిక, నాలుగు ప్రాంతాల్లోనే 1973 నుంచి 1976 మధ్య 3,406 మంది స్త్రీలకు గర్భం రాకుండా ఆపరేషన్లు చేశారని లెక్కతేల్చింది. అంగీకార పత్రాలు సరిగా లేవంది. అలాంటి చోట డాక్టరు చెయ్యి అంటే సేవ అని ఒక్క అర్థమే ఉండదు. కనుకనే ఓక్లహోమాలో తాలెక్వా పట్టణంలో 2020లో మొదలైన కాలేజీ నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అది రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆస్టియోపతీ కాలేజీయే, కానీ ఉన్నది చెరోకీ నేషన్ నేల మీద, చెరోకీలు తమ డబ్బుతో కట్టిన భవనంలో, వాళ్ళ ఆసుపత్రి పక్కన. మూలవాసుల భాగస్వామ్యంతో వచ్చిన మొదటి వైద్య కళాశాల అది. మొదటి జట్టు 2024లో పట్టాలు తీసుకుంది. ఆ డాక్టర్లు ఎక్కడుంటారో చూడటానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. కానీ తమ ఒళ్ళు పాఠంగా ఇచ్చేవాళ్ళే పాఠశాలకి ఇంటివాళ్ళు కావడం అన్నది కొత్త విషయం.

అన్ని చోట్లా ఇలా లేదు. కొత్త కాలేజీలు వరుసగా వస్తున్నాయి, కొన్ని నేరుగా లాభం కోసమే నడుస్తున్నాయి. చాలావాటికి సొంత ఆసుపత్రి లేదు, విద్యార్థుల్ని ఎక్కడెక్కడి క్లినిక్కులకో సర్దుతాయి. "పేదల సేవ" అన్న ధ్యేయం కొన్నిసార్లు, నేర్చుకోవడానికి రోగులు కావాలన్న అవసరానికి మర్యాదైన పేరు. ఫీజులకి చేసిన అప్పు లక్షల డాలర్లలో ఉంటుంది. అంత అప్పున్నవాళ్ళు పల్లెలో కుటుంబ వైద్యం ఎందుకు ఎంచుకుంటారు? 2025 జూలైలో వచ్చిన చట్టం వైద్య విద్యార్థులకిచ్చే ప్రభుత్వ రుణానికి ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లు అని హద్దు పెట్టింది. ఫీజులకి మాత్రం ఏ హద్దూ పెట్టలేదు. మిగతాది బయట వడ్డీకి తెచ్చుకోగలిగినవాళ్ళే చదువుతారు. గనికార్మికుడి కూతురు రాదు, మా బావ కూతురు వస్తుంది. రెసిడెన్సీల డబ్బు కూడా 1965 నుంచి ఎక్కువగా వృద్ధుల బీమా పథకం ద్వారా పెద్ద ఆసుపత్రులకే పోతోంది. ఆరోగ్య కేంద్రాల్లోనే రెసిడెన్సీ చేయించే పథకం 2010లో వచ్చింది. దానికి నిధులు కొద్దికాలానికే ఇస్తారు, అయిపోయేముందు మళ్ళీ బతిమాలుకోవాలి. డాక్టరు చివరి శిక్షణ ఎక్కడ పొందితే ఆ చుట్టుపక్కలే స్థిరపడతారన్నది అందరికీ తెలిసిన సంగతే అయినా.

అందుకని నేనడిగేది పెద్దదేమీ కాదు. ఆరోగ్య కేంద్రం బోర్డులో రోగులకిచ్చిన ఆ 51 శాతం హక్కు, అక్కడికి విద్యార్థుల్ని పంపే కాలేజీకి కూడా వర్తించాలి. ఎవరికి సీటివ్వాలి, ఎంతమంది గదిలోకి రావచ్చు, రోగి వద్దంటే ఆమె వైద్యానికి ఏ లోటూ రాదని ఎవరు పూచీపడతారు, చదువయ్యాక ఎంతమంది మిగిలారు అన్న లెక్కలు ఆ స్త్రీల ముందు పెట్టాలి. మన పెద్దాసుపత్రుల్లో అభివృద్ధి సంఘాలున్నాయి. వాటిలో కాన్పుల వార్డులో పడుకున్న స్త్రీ ఒక్కతైనా ఎప్పుడైనా కూర్చుందా? 2017 నుంచి "లక్ష్య" కార్యక్రమం కింద కాన్పు గదిలో తెర ఉండాలి, తోడు మనిషిని రానివ్వాలి అంటున్నారు. ఎన్ని చోట్ల నిజంగా రానిస్తున్నారో మీ ఊళ్ళో మీరే చూసి ఈ పత్రికకి రాయండి.

పోయిన నెల మా పిల్ల తన క్లినిక్ బోర్డు సమావేశానికి వెళ్ళి వెనక కూర్చుందట. ఆ మోటల్ పనిచేసే ఆమె బోర్డు సభ్యురాలని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. కాలేజీ తరఫున వచ్చినాయన బొమ్మలు చూపిస్తూ తమ సేవాధ్యేయం గురించి చెప్పాడు. ఆమె చెయ్యెత్తి, "ఇప్పటిదాకా ఇక్కడికొచ్చి నేర్చుకున్నవాళ్ళలో ఎంతమంది ఇక్కడే ఉన్నారు?" అని అడిగిందట. ఆయన దగ్గర ఆ లెక్క లేదు. వచ్చే సమావేశానికి తెస్తానన్నాడు.

"తెచ్చాడా?" అని అడిగాను.

"ఇంకా లేదు పిన్నీ. ఆవిడ మాత్రం మినిట్స్‌లో రాయించింది."